‘బరూఖ్ హషేమ్’ అన్నాక ఇంకేం అడగాలి: మతనిష్ఠ ఉన్న యూదు ఇళ్లలో పెద్దవుతున్న అమ్మాయిలకు తోడుండే పద్ధతి

నేను జెరూసలేంలో ఒక పెద్దావిడను చూసుకునే కేర్‌గివర్‌ని, మాది జగిత్యాల వైపు. ఆవిడను ఇంట్లో అందరూ సవ్తా అంటారు, అంటే నానమ్మ, అమ్మమ్మ రెండూ. శుక్రవారం మధ్యాహ్నం నుంచి మనవరాళ్లు ఒక్కొక్కరూ బ్యాగులు మోసుకుంటూ దిగుతారు. ఒకమ్మాయి సైన్యానికి బదులు చేసే జాతీయ సేవ ఆసుపత్రిలో చేస్తోంది, ఒకమ్మాయి సైకాలజీ చదువుతోంది, ఇంకొకమ్మాయికి సంబంధాలు చూస్తున్నారు. ఎలా ఉన్నావని అడిగితే ముగ్గురిదీ ఒకటే మాట, బరూఖ్ హషేమ్. దేవుడికి స్తోత్రం అని అర్థం. మన ఊళ్లో "ఏదో ఆ దేవుడి దయ వల్ల బాగానే ఉన్నాం" అంటాం చూడండి, అచ్చం అదే. బాగున్నా ఆ మాటే, బాగోలేకపోయినా ఆ మాటే. వచ్చిన కొత్తలో నేను అది విని సరేనని ఊరుకునేదాన్ని. ఒకరోజు రాత్రి నీళ్ల కోసం లేచి వంటింట్లోకి వెళ్తే, పొద్దున నాతో బరూఖ్ హషేమ్ అన్న అమ్మాయే లైటు వేసుకోకుండా కూర్చుని చప్పుడు చేయకుండా ఏడుస్తోంది.

అప్పటి నుంచి ఎప్పుడు అడగాలి, ఎలా అడగాలి, విన్నాక ఏం చేయాలి అన్నది కొద్దికొద్దిగా నేర్చుకున్నాను. అదంతా ఇక్కడ రాస్తున్నాను. ఇలాంటి ఇళ్లలో ఉండి పని చేసే మన కరీంనగర్, నిజామాబాద్ వాళ్లకు, బార్ ఇలాన్ లాంటి యూనివర్సిటీల్లో రీసెర్చ్‌కి వచ్చి పొడుగు లంగా వేసుకున్న అమ్మాయి పక్క టేబుల్ దగ్గర పని చేసే మన పిల్లలకు ఇది పనికొస్తుందని అనుకుంటున్నాను. నేను చూసినంతలో ఏ దారిలో వెళ్లినా సరే, ఈ దారి నాదే అని అనిపించే అమ్మాయి, ఎదురుచూసే రోజుల్లో పక్కన ఒక మనిషి ఉన్న అమ్మాయి తృప్తిగా ఉంటుంది. మిగతావన్నీ దీని తర్వాతే.

ముందు ఏ ఇంటి అమ్మాయో తెలుసుకోండి

మతనిష్ఠ ఉన్న యూదులంటే అందరూ ఒకటే అనుకుని మొదలుపెడితే మొదటి ప్రశ్నలోనే తప్పు చేస్తారు. ఇజ్రాయెల్‌లో హరేదీలని ఉంటారు, మగవాళ్లు నల్ల కోటు, నల్ల టోపీ వేసుకునేవాళ్లు. దతీలని ఉంటారు, మగవాళ్లు అల్లిన చిన్న టోపీ పెట్టుకుని మామూలు ఉద్యోగాలు చేస్తూ, సైన్యంలోకి కూడా వెళ్లేవాళ్లు. రెండు ఇళ్లలోనూ షబ్బత్, అంటే శుక్రవారం సాయంత్రం నుంచి శనివారం రాత్రి దాకా ఉండే విశ్రాంతి రోజు, పాటిస్తారు, రెండు ఇళ్లలోనూ కోషర్ వంట, అంటే మత నియమాల ప్రకారం చేసే వంట, కానీ 18 ఏళ్లు వచ్చిన అమ్మాయి ముందు ఉండే దారులు వేరు.

హరేది అమ్మాయి ఎక్కువగా బేస్ యాకోవ్ రకం బడిలో చదువుకుంటుంది. ఈ బడులను సారా షెనీరర్ అనే దర్జీ పని చేసుకునే ఆవిడ 1917లో పోలండ్‌లోని క్రాకోలో మొదలుపెట్టింది, అప్పట్లో ఆడపిల్లలకు మత చదువు పద్ధతిగా చెప్పే చోటే లేదు. స్కూలు అయ్యాక సెమినార్ అనే చోట టీచరు ట్రైనింగో, అకౌంట్సో, కంప్యూటర్లో నేర్చుకుంటుంది, అదే సమయంలో ఇంట్లో సంబంధాలు మొదలవుతాయి. దతి అమ్మాయి ఉల్పనా అనే ఆడపిల్లల బడిలో చదువుకుని, 18 ఏళ్లకు ఒక నిర్ణయం తీసుకోవాలి. మతనిష్ఠ ఉందని రాసిచ్చి సైన్యం నుంచి మినహాయింపు తీసుకుని షెరూత్ లెఉమి, అంటే జాతీయ సేవ, ఒకటి రెండేళ్లు చేయవచ్చు. ఆసుపత్రులు, బడులు, వృద్ధుల కేంద్రాలు, అంబులెన్సు సేవ, ఇలా ఎన్నో చోట్లు ఉంటాయి. లేదంటే సైన్యంలోకి వెళ్లవచ్చు, గత పది పదిహేనేళ్లలో అలా వెళ్లే దతి అమ్మాయిలు బాగా పెరిగారు. లేదా ముందు ఒక ఏడాది మిద్రాషాలో, అంటే ఆడవాళ్లకు మత చదువు చెప్పే చోట, చేరి తోరా, తల్మూద్ అనే యూదుల పవిత్ర గ్రంథాలు చదువుకోవచ్చు. జెరూసలేంలోనే 1988లో మొదలైన మతాన్, 1990లో మొదలైన నిష్మత్ లాంటి చోట్ల ఆడవాళ్లు పెద్ద స్థాయిలో ఈ చదువు చదువుతున్నారు. అమెరికా నుంచి కూడా స్కూలు అయిపోయిన అమ్మాయిలు ఒక ఏడాది ఇక్కడి సెమినరీల్లో మత చదువు చదివి వెళ్లి కాలేజీలో చేరతారు, న్యూయార్క్‌లో 1954 నుంచి నడుస్తున్న యూదు ఆడపిల్లల స్టెర్న్ కాలేజీ అలాంటి అమ్మాయిలతో నిండి ఉంటుంది.

మన గుంటూరు జిల్లాలో, చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో, తెలుగే మాతృభాషగా యూదు ఆచారాలు పాటించే బెనె ఎఫ్రాయిమ్ కుటుంబాలు ఉన్నాయి. సవ్తాకు ఈ సంగతి చెప్పినప్పుడు ఆవిడ నా చేయి పట్టుకుని, అక్కడ శుక్రవారం దీపాలు ఎవరు వెలిగిస్తారు, ఆడపిల్లలకు ఎవరు నేర్పుతారు అని ఒకటే ప్రశ్నలు. నాకు తెలిసినంత చెప్పాను.

ఎప్పుడు అడగాలి

శుక్రవారం అడగకండి. జెరూసలేంలో సూర్యాస్తమయానికి 40 నిమిషాల ముందు సైరన్ మోగుతుంది, అప్పటికి దీపాలు వెలిగించాలి. ఆ లోపు వంట, స్నానాలు, ఇస్త్రీ, గ్యాస్ మీద వేడి పలక పెట్టడం, అందరూ పరుగులోనే ఉంటారు. ఆ సమయంలో మనసులో మాట అడిగితే ఎవరికైనా చిరాకే.

మంచి సమయం శనివారం మధ్యాహ్నం. భోజనాలయ్యాక పెద్దవాళ్లు నిద్రపోతారు. ఫోన్లు లేవు, టీవీ లేదు, బస్సులు లేవు, పిల్లలు కింద పార్కులో ఉంటారు. ఎండాకాలంలో ఆ మధ్యాహ్నం చాలా పొడుగ్గా ఉంటుంది, మూడో పూట భోజనం దాకా ఇంకా బోలెడు సమయం. ఆ అమ్మాయిని "సవ్తాని కుర్చీలో కాస్త బయటికి తిప్పుదాం, వస్తావా" అని పిలవండి. పక్కపక్కన నడుస్తూ ముందుకు చూస్తూ మాట్లాడుకుంటే, ఎదురెదురుగా కూర్చుని కళ్లలోకి చూసినప్పుడు రాని మాటలు వస్తాయి.

ఒక జాగ్రత్త. షబ్బత్ రోజు వాళ్లు రాయరు, ఫోన్ ముట్టుకోరు. కాగితం, పెన్ను చేతికివ్వకండి, మీరు ఆమె ముందు ఫోన్‌లో నోట్ చేసుకోకండి. నోటితోనే అడగాలి.

నిచ్చెన ప్రశ్న

నోటితో అడగడానికి నాకు దొరికిన అన్నిటికంటే తేలికైన పద్ధతి నిచ్చెన. హాడ్లీ కాంట్రిల్ అనే పరిశోధకుడు 1960ల్లో దీన్ని వాడుకలోకి తెచ్చాడు, దేశాల సంతోషాన్ని లెక్కగట్టే ప్రపంచ నివేదికలో ఇప్పటికీ ఇదే ప్రశ్న అడుగుతారు. ఒక నిచ్చెన ఊహించుకో, కింద నేల సున్నా, పై మెట్టు 10. పై మెట్టు అంటే నీకు ఇంతకంటే మంచి జీవితం ఉండదు, నేల అంటే ఇంతకంటే చెడ్డది ఉండదు, ఇప్పుడు ఏ మెట్టు మీద నిలబడ్డావు? అంతే ప్రశ్న. ఆ నివేదికలో ఇజ్రాయెల్ 2023లో 4వ స్థానం, 2024లో 5వ స్థానం, 2025లో 8వ స్థానం, యుద్ధంలో ఉన్న దేశం అంత పైన ఉండటం చూసి చాలామంది ఆశ్చర్యపోతారు. కానీ దేశం సగటు పట్టుకుని మీ పక్కన నడుస్తున్న అమ్మాయి గురించి ఏమీ అనుకోకండి.

ఆమె ఒక అంకె చెబుతుంది. ఆరు అనుకోండి. ఇక్కడే మనం తప్పు చేస్తాం, "ఎందుకు పది కాదు?" అని అడిగేస్తాం. అలా అడిగితే ఆమె లోటులన్నీ లెక్కపెట్టుకోవాలి, పైగా భక్తి ఉన్న అమ్మాయికి దేవుడి మీద ఫిర్యాదు చేస్తున్నట్టు అనిపించి నోరు మూసేస్తుంది. "ఎందుకు నాలుగు కాదు?" అని అడగండి. నిన్ను ఆరు దగ్గర పట్టి నిలబెట్టింది ఏమిటి అని. అప్పుడు స్నేహితురాలి పేరు వస్తుంది, ఆసుపత్రిలో తన చెయ్యి వదలని ఒక పేషెంటు సంగతి వస్తుంది, పాట వస్తుంది, చెల్లెలు వస్తుంది. ఇవి వచ్చాకే, మెల్లగా, ఏడో మెట్టుకు ఏం కావాలి అని అడగండి. పదో మెట్టు గురించి అడగవద్దు, ఒక్క మెట్టు చాలు.

చెప్పింది విని తల ఊపండి. వెంటనే సలహా ఇవ్వకండి. ఇది నాకు అన్నిటికంటే కష్టమైన పని.

ఐదు వాక్యాల కాగితం

సైకాలజీ అమ్మాయి క్లాసులో నేర్చుకున్న ఇంకో పద్ధతి ఉంది, దాన్ని మామూలు రోజున, ఆదివారమో సోమవారమో, వాడాలి. ఎడ్ డీనర్, ఆయనతో పనిచేసినవాళ్లు 1985లో తయారు చేసిన చిన్న కొలత, మొత్తం ఐదు వాక్యాలే. ఒకటి, చాలా వరకు నా జీవితం నేను కోరుకున్నట్టే ఉంది. రెండు, నా జీవితంలో పరిస్థితులు చాలా బాగున్నాయి. మూడు, నా జీవితం నాకు తృప్తిగా ఉంది. నాలుగు, ముఖ్యమని అనుకున్నవి ఇప్పటి వరకు నాకు దక్కాయి. ఐదు, మళ్లీ మొదటి నుంచి బతకమంటే దాదాపు ఏమీ మార్చుకోను. ఒక్కో వాక్యానికి 1 నుంచి 7 వరకు అంకె వేయాలి, అసలు ఒప్పుకోను అంటే 1, పూర్తిగా ఒప్పుకుంటాను అంటే 7. కూడితే 5 నుంచి 35 మధ్య వస్తుంది. 20 అంటే అటూ ఇటూ కాని మధ్య. 21 నుంచి 25 అంటే ఫర్వాలేదు, 26 నుంచి 30 అంటే తృప్తిగా ఉన్నట్టు, 31 నుంచి 35 అంటే చాలా తృప్తిగా ఉన్నట్టు. 15 నుంచి 19 అంటే ఏదో కొంచెం తేడాగా ఉంది, 10 నుంచి 14 అంటే తృప్తి లేదు, 9 లేదా అంతకంటే తక్కువ వస్తే అస్సలు బాగోలేదు, అప్పుడు కాగితం పక్కన పెట్టి మనిషిని చూడాలి.

ఈ కాగితం రోగాన్ని కనిపెట్టేది కాదు, డాక్టరు పని చేయదు. మొత్తం కంటే ఏ వాక్యం దగ్గర పెన్ను ఆగిందో చూడండి. ఇరవై ఏళ్ల అమ్మాయికి మూడో వాక్యం దగ్గర 6 పడి నాలుగో వాక్యం దగ్గర 2 పడిందంటే, ఇప్పుడు బాగానే ఉన్నాను కానీ రావలసింది ఇంకా రాలేదు అని చెబుతోంది, చాలాసార్లు ఆ రానిది పెళ్లి. మొదటి వాక్యం దగ్గర ఆగి "నేను కోరుకున్నట్టా, మా వాళ్లు కోరుకున్నట్టా, దేవుడు కోరుకున్నట్టా?" అని అడిగిందంటే అసలు మాట అక్కడే ఉంది. సైకాలజీ అమ్మాయి నా ఎదురుగా కూర్చుని తనే ఈ ప్రశ్న వేసుకుంది, అరగంట సేపు పెన్ను కదల్లేదు.

ఇంకో సంగతి. బెన్ జోమా అనే పాతకాలం గురువు చెప్పిన మాట ఒకటి ఈ పిల్లలందరికీ నోటికి వచ్చు, "ధనవంతుడు ఎవరు? తన వంతుతో సంతోషించేవాడు" అని. అందుకని తక్కువ అంకె వేస్తే కృతఘ్నత అవుతుందేమో, పాపమేమో అని భయపడతారు. పొద్దున కళ్లు తెరవగానే ప్రాణం తిరిగి ఇచ్చినందుకు దేవుడికి కృతజ్ఞత చెప్పుకునే పిల్లలు వాళ్లు. ఆ కృతజ్ఞత నిజం, దాన్ని తీసేయాలని చూడకండి. "దేవుడికి థ్యాంక్స్ చెప్పుకోవడం వేరు, కాలికి ముల్లు గుచ్చుకుందని చెప్పడం వేరు, రెండూ ఒకే నోటితో చెప్పవచ్చు" అని నేను అంటాను. ఆ మాట తర్వాత అంకెలు కాస్త నిజంగా పడతాయి.

కాగితం దాచమని చెప్పండి, ఆరు నెలల తర్వాత మళ్లీ వేయమనండి. అక్కాచెల్లెళ్ల కాగితాలు ఎప్పుడూ పక్కపక్కన పెట్టవద్దు.

ఇది నాదా, వాళ్లదా

డీసీ, ర్యాన్ అనే ఇద్దరు సైకాలజీ పండితులు మనిషి బాగుండటానికి మూడు కావాలంటారు, నా పనులు నా ఇష్టంతో చేస్తున్నాననిపించాలి, చేతనవుతోందనిపించాలి, నావాళ్లు ఉన్నారనిపించాలి. మతనిష్ఠ ఉన్న అమ్మాయికి మూడోది పుష్కలం. రెండోది సేవలోనో చదువులోనో వస్తుంది. మొదటిదే మెలిక.

ఇక్కడ మనలాంటి బయటివాళ్లు చేసే పెద్ద తప్పు ఒకటి ఉంది. పొడుగు లంగా, పొడుగు చేతులు, పెళ్లయితే తలకు గుడ్డ, ఇవన్నీ చూసి పాపం బలవంతంగా చేయిస్తున్నారు అనుకుంటాం. నాకు తెలిసిన ఒకమ్మాయికి ఆ లంగా అంటే ప్రాణం, నా శరీరం నాది, ఎవరికి చూపించాలో నేను చెబుతాను అంటుంది. అదే లంగా వేసుకున్న ఇంకో అమ్మాయి, పక్కింటివాళ్లు ఏమంటారోనని మెట్లు దిగేటప్పుడు నాలుగుసార్లు సర్దుకుంటుంది. బట్ట ఒకటే, లోపల వేరు. కాబట్టి నియమాన్ని తప్పు పట్టకండి, సమర్థించకండి కూడా. "ఇది చేసేటప్పుడు నీకు ఎలా ఉంటుంది?" అని అడగండి.

షెరూత్ చేసే అమ్మాయితో నేను చేయించిన పని చెబుతాను. ఒక కాగితం మీద వారంలో చేసే పనులన్నీ రాయమన్నాను, ప్రార్థన, ఆసుపత్రి డ్యూటీ, అపార్ట్‌మెంటులో గిన్నెలు కడగడం (సేవ చేసే అమ్మాయిలు నలుగురైదుగురు కలిసి ఒక అపార్ట్‌మెంటులో ఉంటారు), ఇంటికి రావడం, తమ్ముడికి లెక్కలు చెప్పడం, మంగళవారం తోరా క్లాసు. ఒక్కోదాని పక్కన మూడు గుర్తుల్లో ఒకటి పెట్టమన్నాను. ఎవరూ అడగకపోయినా చేస్తాను అన్నదానికి చుక్క. ఇష్టం లేకపోయినా సరైనదని నమ్మి చేస్తాను అన్నదానికి గీత. చేయకపోతే మాట పడాలి కాబట్టి చేస్తాను అన్నదానికి ఇంటూ. ఆమె అనుకున్నది ప్రార్థన దగ్గర ఇంటూ పడుతుందని, దానికి భయపడుతూనే కూర్చుంది. తీరా చూస్తే ప్రార్థన దగ్గర గీత పడింది, ఇంటూ పడింది ప్రతి షబ్బత్‌కి ఇంటికి రావడం దగ్గర. అపార్ట్‌మెంటు అమ్మాయిలతో కలిసి నెలకు ఒక షబ్బత్ అక్కడే చేసుకోవాలని ఆమెకు ఎప్పటి నుంచో ఉంది, అమ్మ బాధపడుతుందని చెప్పలేదు. అంత చిన్న విషయం. వాళ్లమ్మకు చెప్పింది, వాళ్లమ్మ రెండు రోజులు ముభావంగా ఉండి తర్వాత సరే అంది, పైగా కేకు చేసి పంపింది.

చుక్కలూ గీతలూ ఎక్కువ ఉంటే దిగులు లేదు, గీతలు కూడా మంచివే, ఎవరి జీవితంలోనైనా సగం గీతలే. ఇంటూలు సగం దాటితే ఒక్కదాన్ని ఎంచుకుని మార్చడానికి ప్రయత్నించమనండి, మార్చగలిగేది, చిన్నది. ఏది మార్చాలో మీరు చెప్పకండి. ముఖ్యంగా మతం విషయంలో పాటించు అనో మానెయ్ అనో అనడం మన పని కాదు. ఇంట్లో మనం నమ్మకస్తులం, ఆ నమ్మకం పోగొట్టుకోవద్దు.

సంబంధాలు చూస్తున్న రోజులు

ఇక్కడ నాకు వాళ్లూ మనమూ ఒకటే అనిపిస్తుంది. హరేది ఇళ్లలో పెళ్లి షిద్దుఖ్ ద్వారా, అంటే కుదిర్చిన సంబంధం ద్వారా జరుగుతుంది, షద్ఖన్ అంటే మధ్యవర్తి, ఒక్కోసారి డబ్బు తీసుకుని, ఒక్కోసారి ఊరికే, రెండు కుటుంబాలను కలుపుతారు. ముందు విచారణ, తర్వాతే చూపులు. హరేదీల్లోనే హసీదీలనే ఒక వర్గం ఉంది, వాళ్ల కొన్ని కుటుంబాల్లో అబ్బాయీ అమ్మాయీ ఒకటి రెండుసార్లు కూర్చుని మాట్లాడుకుంటారు, వేరే కుటుంబాల్లో హోటల్ లాబీల్లోనో పార్కులోనో పలుసార్లు కలుస్తారు. దతి అమ్మాయిలు స్వయంగా వెతుక్కుంటారు, స్నేహితులు కలుపుతారు, వాళ్లకు ఇరవై మూడు ఇరవై నాలుగు దాటినా ఫర్వాలేదు, హరేది అమ్మాయికి ఇరవై రెండు దాటితే ఇంట్లో గుసగుసలు మొదలు.

పెళ్లికి వెళ్తే పెళ్లికాని అమ్మాయి చెయ్యి పట్టుకుని "బెకరోవ్ ఎత్స్‌లేఖ్" అంటారు, త్వరలో నీ దగ్గర కూడా అని దీవెన. మనవాళ్లు "పప్పన్నం ఎప్పుడు పెడతావే?" అంటారే, అదే. అనేవాళ్లు ప్రేమతోనే అంటారు. కానీ ఒక్క సాయంత్రంలో ముప్పై మంది ప్రేమతో అంటే ఎలా ఉంటుందో మనకూ తెలుసు. కాబట్టి పాటించవలసింది ఏమిటంటే, పెళ్లి నుంచి వచ్చిన అమ్మాయిని పెళ్లి గురించి అడగవద్దు. కాళ్లు నొప్పులా, ఏం తిన్నావు, డాన్సు బాగా జరిగిందా, ఇవి చాలు. సంబంధం తప్పిపోయిందని తెలిస్తే "అంతా మన మంచికే", "దేవుడు ఇంకా మంచివాణ్ని రాసిపెట్టాడు" అనవద్దు, ఆ మాటలు ఆమె అమ్మ దగ్గర, టీచర్ దగ్గర, షద్ఖన్ దగ్గర అప్పటికే విని ఉంటుంది. "ఎదురుచూడటం కష్టంగా ఉంది కదా" అని మాత్రం అనండి. నేను అలా అన్నప్పుడు సంబంధాలు చూస్తున్న అమ్మాయి నా భుజం మీద తల పెట్టి, కష్టంగా ఉంది, అంది. బరూఖ్ హషేమ్ అనలేదు.

ఎదురుచూపుకు మందు ఎదురుచూడటం మానేయడం అని కొందరంటారు. అది ఎవరి చేతుల్లో ఉంది? చేయగలిగేది ఒకటుంది, పెళ్లితో సంబంధం లేకుండా ఈ నెలలో పూర్తయ్యే పని ఒకటి చేతిలో ఉండేలా చూడటం. డ్రైవింగ్ లైసెన్సు, గిటారు, ఒక అధ్యాయం చదువు, సవ్తా పాత ఫోటోల ఆల్బమ్ సర్దడం. జీవితం పెళ్లి తర్వాతే మొదలవుతుంది, ఇప్పుడున్నది వెయిటింగ్ రూమ్ అని అమ్మాయికి అనిపించిందంటే ఏ అంకె వేసినా తక్కువే పడుతుంది.

ఇంకొకటి, మన కేర్‌గివర్లకు మాత్రమే ఎదురయ్యేది. విచారణ కోసం మనకు కూడా ఫోన్ వస్తుంది. ఇంట్లో ఉండేవాళ్లకు నిజం తెలుస్తుందని వాళ్ల లెక్క. నాకు ఒకావిడ చేసింది, అమ్మాయి కోపిష్టా, నానమ్మను చూసుకుంటుందా, బట్టల సైజెంత, మందులేమైనా వాడుతుందా అని వరసగా అడిగింది. ఏం చెప్పాలి? నా కళ్లతో చూసిన మంచి చెప్పాను, నానమ్మ పక్కన కూర్చుని కథ చదివి వినిపిస్తుందని, ఆలస్యమైతే ఫోన్ చేసి చెబుతుందని. సైజు, మందుల సంగతి వాళ్లమ్మను అడగండి అన్నాను. అబద్ధం చెప్పవద్దు, నమ్మి చెప్పింది బయట పెట్టవద్దు. నిజమైనా సరే ఒకరి గురించి చెడు మాట్లాడటాన్ని వాళ్లు లషోన్ హరా అంటారు, పెద్ద తప్పు కింద లెక్క, కాబట్టి "నేను ఆ విషయం మాట్లాడను" అంటే అవతలివాళ్లు గౌరవంగానే తీసుకుంటారు.

బల్ల దగ్గర చోటు

మతం ఉన్నవాళ్లు ఎందుకు ఎక్కువ తృప్తిగా ఉంటారో చూద్దామని అమెరికాలో చాయూన్ లిమ్, రాబర్ట్ పట్నం అనే ఇద్దరు పరిశోధించి 2010లో ఒక పత్రం రాశారు. వాళ్లకు తేలింది, ప్రార్థనకు వెళ్లే చోట దగ్గరి స్నేహితులు ఉంటేనే ఆ తృప్తి బలంగా కనిపిస్తుందని, ఒంటరిగా వెళ్లి ఒంటరిగా వచ్చేవాళ్లలో అంతగా లేదని. నాకు ఇది చదివి చెప్పింది సైకాలజీ అమ్మాయే, వినగానే శుక్రవారం రాత్రి బల్ల గుర్తొచ్చింది. తెల్ల గుడ్డ, రెండు హల్లా రొట్టెలు, తాతయ్య లేకపోయినా ఆయన పాడే రాగంలోనే ఇంటి ఆడవాళ్లను మెచ్చుకునే పాత పాట, ఆ పాట పాడేటప్పుడు సవ్తా చేతులు బల్ల మీద తాళం వేస్తాయి. దాదాపు 25 గంటలు ఎవరూ ఫోన్ చూడరు. మన ఇళ్లలో పండక్కి కూడా ఇప్పుడు అలా జరగడం లేదు.

కాబట్టి ఆ అమ్మాయికి షబ్బత్ బల్ల దగ్గర చోటు ఉందో లేదో చూడండి. కొత్త ఊళ్లో చదువుకునే అమ్మాయి, అమెరికా నుంచి ఒంటరిగా వచ్చిన అమ్మాయి, తల్లిదండ్రులు విడిపోయిన అమ్మాయి, ఇంట్లోవాళ్లు మతం పాటించకపోయినా తను మాత్రం పాటించడం మొదలుపెట్టిన అమ్మాయి, వీళ్లకు శుక్రవారం సాయంత్రం అన్నిటికంటే బరువైన సమయం. మీరు ఉండే ఇంటివాళ్లతో "ఇంకో ప్లేటు పెడదామా?" అని ఒక్క మాట అనండి, అతిథిని పిలవడం వాళ్లకు పుణ్యం కింద లెక్క, కాదనేవాళ్లను నేను చూడలేదు. ఇంకో వైపు కూడా చూడండి, ఇంట్లో పెద్దమ్మాయి శుక్రవారమంతా వంటకు, శనివారమంతా తమ్ముళ్లూ చెల్లెళ్లకు సరిపోతుంటే, అందరికీ విశ్రాంతి దొరికే రోజు ఆమెకు మాత్రం దొరకదు. ఒక గంట ఆ పిల్లలను మీరు పట్టుకోండి.

పెళ్లయినవాళ్ల గురించి రెండు మాటలే చెబుతాను. హరేది ఆడవాళ్లలో సుమారు 80 శాతం మంది ఉద్యోగం చేస్తున్నారు, చాలా ఇళ్లలో భర్త రోజంతా తోరా చదువులో ఉంటే సంపాదన ఆమెదే, పాతికేళ్లకే ఇద్దరు ముగ్గురు పిల్లలు. 2023 అక్టోబర్‌లో యుద్ధం మొదలయ్యాక దతి ఇళ్లలో భర్తలు నెలల తరబడి సైన్యం రిజర్వు డ్యూటీకి వెళ్లారు, పెళ్లయి ఏడాది కాని అమ్మాయిలకు భర్త పక్కన లేకుండానే కాన్పులయ్యాయి. ఇలాంటివాళ్లను జీవితం ఎలా ఉంది అని అడగకండి. రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయావు అని అడగండి.

భయపడవలసిన మాటలు

కెన్నెత్ పార్గమెంట్ అనే ఆయన కష్టంలో మనుషులు దేవుణ్ని ఎలా తలుచుకుంటారో ఏళ్ల తరబడి పరిశోధించాడు. దేవుడు నాతో ఉన్నాడు, నాకు దారి చూపిస్తాడు అనుకునేవాళ్లను భక్తి నిలబెడుతుంది, దేవుడు నన్ను శిక్షిస్తున్నాడు, నన్ను వదిలేశాడు అనుకునేవాళ్లను అదే భక్తి లోపల తింటుంది. చెవి పెట్టి వినండి. "నేను ప్రార్థన సరిగా చేయలేదు కాబట్టే సంబంధం తప్పింది" లాంటి మాట ఒకసారి వస్తే విని ఊరుకోండి. వారాల తరబడి అదే మాట వస్తుంటే, తిండి తగ్గిపోతుంటే, నిద్ర లేకపోతే, షబ్బత్ బల్ల దగ్గరికి రావడం మానేస్తే, ఇక మన నిచ్చెనలూ కాగితాలూ పక్కన పెట్టేయాలి.

అప్పుడు ఎవరి దగ్గరికి పంపాలన్నది కూడా ఆలోచించి చెప్పండి. నెలసరి నియమాలు, దాంపత్యం, గర్భం లాంటి విషయాలు రబ్బీతో, అంటే మతగురువుతో, మాట్లాడటానికి చాలామంది సిగ్గుపడతారు, వాటికోసం నిష్మత్‌లో శిక్షణ పొందిన ఆడవాళ్లు ఉన్నారు, యోఎత్సెత్ హలాఖా అంటారు, మొదటి జట్టు 1999లో బయటికి వచ్చింది. మనసు బాగోలేకపోతే సైకాలజిస్టు, వాళ్లలో మతం పాటించేవాళ్లు కూడా దొరుకుతారు, ఆ మాట చెబితే ఇంట్లోవాళ్లు త్వరగా ఒప్పుకుంటారు. బతకాలని లేదు అన్న మాట వినిపిస్తే ఆలోచించకండి, ఆమెను ఒంటరిగా వదలకండి, ఇంట్లో పెద్దవాళ్లకు వెంటనే చెప్పండి, ఎవరికీ చెప్పవద్దని మాట తీసుకున్నా సరే. ఇజ్రాయెల్‌లో 1201కి ఫోన్ చేస్తే, మనసు కష్టంలో ఉన్నవాళ్లతో మాట్లాడే ఎరాన్ అనే సంస్థవాళ్లు పగలూ రాత్రీ పలుకుతారు. షబ్బత్ అయినా ఫోన్ చేయవచ్చు, ప్రాణం కాపాడటం కోసం షబ్బత్‌ను పక్కన పెట్టాలని వాళ్ల ధర్మమే చెబుతుంది.

ఎలుల్ నెల

ఏడాదికి ఒకసారి దీనికంతటికీ సరైన సమయం వాళ్ల క్యాలెండర్‌లోనే ఉంది. కొత్త సంవత్సరం రోష్ హషనాకు ముందు వచ్చే నెల పేరు ఎలుల్, మన ఆగస్టు సెప్టెంబర్లలో పడుతుంది. ఆ నెలలో హెష్బోన్ హనెఫెష్ చేస్తారు, అంటే ఆత్మ లెక్క చూసుకోవడం. ఎవరికి బాకీ ఉన్నాను, ఎవరిని నొప్పించాను, ఏం మార్చుకోవాలి అని. అమ్మాయిలు అందులో తప్పులే రాసుకుంటారు, పేజీలకు పేజీలు. ఈ నెలలోనే ఐదు వాక్యాల కాగితం, చుక్కలూ గీతల కాగితం మళ్లీ తీయమనండి, పోయినసారి అంకె పక్కన ఈసారి అంకె వేసుకోమనండి. తప్పుల జాబితాకు ఎదురు పేజీలో, ఈ ఏడాది నేను నిలబెట్టుకున్నవి అని ఇంకో జాబితా రాయమనండి, కనీసం పది. మొదటి మూడు తర్వాత ఆగిపోతారు, అప్పుడు మీరు చూసినవి గుర్తు చేయండి, మనం ఇంట్లో ఉన్నాం కదా, మనకు చాలా తెలుసు. ఆసుపత్రి డ్యూటీ అమ్మాయికి నేను గుర్తు చేసింది, జ్వరంతో ఉన్న సవ్తా పక్కన రాత్రంతా కుర్చీలో కూర్చున్న సంగతి. ఆమె అది మర్చిపోయింది.

పోయిన ఎలుల్‌లో ఒక శనివారం సాయంత్రం, షబ్బత్ అయిపోయిందని చెప్పే మూడు నక్షత్రాలు ఇంకా కనిపించలేదు, బాల్కనీలో సవ్తా కాళ్లకు నూనె రాస్తున్నాను. సైకాలజీ అమ్మాయి వచ్చి పక్కన కింద కూర్చుంది, ఎప్పుడూ నువ్వే అడుగుతావు, ఈసారి నువ్వు చెప్పు, ఏ మెట్టు మీద ఉన్నావు అంది. నేను కాసేపు ఆగి, ఆరు అన్నాను. ఎందుకు నాలుగు కాదు అని అడిగింది. పిల్లల ఫీజులు, ఊళ్లో అమ్మ, ఇక్కడ ఈ ఇల్లు, అన్నీ చెప్పేసరికి నక్షత్రాలు వచ్చేశాయి, లోపలి నుంచి షబ్బత్ ముగింపు దీపం వెలిగించడానికి పిలుస్తున్నారు, ఆమె లేవలేదు.